ఆట విలువకు కాలము కొలతయా?
(నంద్యాల, ఆళ్లగడ్డ సీమల క్రీడలను బట్టి కొంత విచారణ)

ఆటకు విలువ కట్టునప్పుడు దానిని ఆడుటకు పట్టిన కాలము ఎంతవఱకు ప్రమాణమగును? నేడు వీడియో ఆటలను గూర్చి ఈ ప్రశ్న విరివిగా వినబడుచున్నది. ఇన్ని రూపాయలిచ్చి కొన్న ఆట ఎన్ని గంటలు వచ్చినది, గంటకు ఎంత పడినది అని లెక్కవేసి, ఆ లెక్కను బట్టి దాని మంచిచెడ్డలు నిర్ణయించు వాడుక ఆడువారిలోను అమ్మువారిలోను పాతుకొన్నది. తెలుగు శాఖవారి పరిశోధన సంచికలో ఇట్టి విషయమునకు చోటేమి యని కొందఱు సంశయింపవచ్చును. ఆడు సాధనములు క్రొత్తవే కాని ప్రశ్న క్రొత్తది కాదు. మన వాఙ్మయమునందును, మన పల్లెల ఆటలయందును దీనికి సమాధానములు పెక్కు విధములుగా నున్నవి. అవి యొకదానితో నొకటి పొసగవు. ఆ పొసగమియే మమ్ము ఈ వ్యాసమునకు పురికొల్పినది.

మొదట మాటలను పరిశీలింతము. తెలుగులో 'ఆట' అను పదము క్రియకు పేరగుటయే కాక లెక్కకు మానముగా కూడ నున్నది. అరుగుపై పులిజూదమాడి లేచినవారు 'రెండాటలాడితిమి' అందురే కాని 'గంటన్నర ఆడితిమి' అనరు. ఒక ఆట పది నిమిషములలో తీరవచ్చును. మఱియొకటి ప్రొద్దువాలువఱకు సాగవచ్చును. లెక్కలో రెండును ఒక్కొక్క ఆటయే. సినిమా వచ్చిన పిదప జనులు దానికి కూడ ఈ మానమునే అంటగట్టి మొదటి ఆట, రెండవ ఆట అనిరి. అనగా ఆట యనునది తనకు తాను పూర్తియైన యొక వస్తువు; గడియారముతో తునుకలు చేయబడునది కాదు. ఐనను భాష ఒకవైపే మాట్లాడినదని చెప్పరాదు. కాలక్షేపమను మాట యున్నది. ప్రొద్దుపుచ్చుట యను మాటయు నున్నది. హరికథను సైతము కాలక్షేపమనిన జాతి మనది. ఈ మాటలలో ఆటకు గల పని కాలమును వెచ్చించుటయే. మఱి ఆట కాని కథ కాని మిక్కిలి రుచించినప్పుడు మనవారు చేయు ప్రశంస యేది? 'ప్రొద్దే తెలియలేదు' అందురు. కాలమెంత గడచినదో తెలియకుండుటయే అక్కడ మెప్పునకు కారణము. గంటలు లెక్కించుచు ఆడువానికి ఆ మెప్పు దక్కదు.

ప్రాచీన గ్రంథములలో ద్యూతమును గూర్చిన విచారము మెండు. ఋగ్వేదము పదవ మండలమునందలి అక్షసూక్తము జూదరి యొక్క పరితాపమును చెప్పినది. మహాభారతమున కాలమునకును ఫలమునకును గల వైషమ్యము మఱింత స్పష్టము. నలుడు పుష్కరునితో పలుమాసములు జూదమాడి రాజ్యమును పోగొట్టుకొన్నాడు. తిరిగి దానిని ఒకేయొక్క పందెముతో గెలుచుకొన్నాడు. పాండవుల అనుద్యూతము ఒక్క పందెము. ఆ పందెమునకు ఫలము పండ్రెండేండ్ల అరణ్యవాసము, ఒక యేటి అజ్ఞాతవాసము. ఆడిన కాలమును బట్టి ఆట బరువును తూచువారు ఈ రెండు కథలను ఎట్లు సరిపెట్టుకొందురో మాకు బోధపడదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున ద్యూతాధ్యక్షుడను అధికారి కలడు. ఇతడు గెలిచిన ద్రవ్యములో నూటికి ఐదు వంతున రాజునకు రాబట్టును. పాచికలు మొదలగు సాధనములకు, నీటికి, స్థలమునకు అద్దె పుచ్చుకొనును. సాధనమునకు అద్దె యున్నది, గెలుపుపై సుంకమున్నది. గంటకింత యను మాట మాత్రము లేదు.

ఆ మాట పుట్టినది మన కాలముననే. 1972లో అటారీ సంస్థ పాంగ్ అను ఆటను వెలువరించినది. 1978లో జపానునుండి స్పేస్ ఇన్వేడర్స్ వచ్చినది. ఇవి నాణెము వేసి ఆడు పెట్టెలు. ఒక నాణెమునకు ఎంత తక్కువ సేపు ఆడిన పెట్టె యజమానికి అంత లాభము. కావున ఆటలను కఠినముగా కూర్చెడివారు. క్రొత్తవాడు రెండు మూడు నిమిషములలో ఓడి మరల నాణెమునకై జేబు తడవుకొనవలెను. చిరకాలము నిలుచుట ఆటగాని నేర్పునకు గుర్తుగా నుండెను. ఇంటిలో ఆడుకొను యంత్రములు వచ్చిన తరువాత లెక్క తలక్రిందులైనది. ఒక్కసారి వెల యిచ్చి కొన్న ఆట ఎన్నాళ్లు వచ్చిన కొన్నవానికి అంత లాభము. 1986లో వచ్చిన లెజెండ్ ఆఫ్ జెల్డా యందు ఆడినంతవఱకు నిలువచేసికొని మఱునాడు అక్కడినుండి కొనసాగించు వీలుండెను. దినముల తరబడి సాగు ఆటకు త్రోవ ఏర్పడినది. అటుపిమ్మట ఇన్ని గంటల ఆట యని అట్టపై అచ్చువేసి అమ్ముట పరిపాటియైనది. ఇట్లు అమ్మకపు పద్ధతి మాఱుటతో ఒకే కాలప్రమాణము మొదట ఆటగాని నేర్పునకును, పిదప ఆట యొక్క విలువకును కొలతయైనది. ఈ మార్పునకు కారణము వర్తకమే కాని రసవిచారము కాదు.

మన చిన్న పట్టణములలో ఈ చరిత్ర యొక వింత రూపము దాల్చినది. టెలివిజనునకు తగిలించు చవుక యంత్రములను అమ్మువారు ఒక్క క్యాసెట్టులో వందలకొలది, వేలకొలది ఆటలున్నవని ముద్రించెడివారు. విప్పి చూచినచో పది పండ్రెండు ఆటలే పేర్లు మార్చుకొని మరల మరల వచ్చెడివి. ఆ యంత్రములను, తరువాత కంప్యూటర్లను వరుసగా పెట్టి గంటకింత యని అద్దె పుచ్చుకొను గదులు వెలసినవి. అక్కడికి పోవు బాలుడు ఏ ఆటను ఎంచుకొనును? అరగంటకు డబ్బిచ్చినవాడు అరగంటలో తెమలని ఆటను ఎంచుకొనడు. ఎదుటివానితో పోటీపడి నాలుగైదు పందెములు తీరునట్టి పోరాటపు ఆటలు, కార్ల పందెములు అతనికి నచ్చును. అదే బాలుడు ఇంట చేతిఫోను దొరికిననాడు అంతములేని ఆటకు అంటుకొనును. రుచి మాఱలేదు, అద్దె మాఱినది.

కాలమును కొలతగా గైకొనుట వలన కలుగు చిక్కునకు ఇటీవలి నిదర్శనమొకటి కలదు. కంప్యూటరు ఆటలనమ్ము స్టీమ్ అను అంగడివారు 2015 జూను నెలలో ఒక నియమము చేసిరి. కొన్న పదునాలుగు దినములలోపల, రెండు గంటలకంటె తక్కువ ఆడియున్నచో, కారణమడుగక సొమ్ము తిరిగి యిత్తురు. కొనువానికి ఇది న్యాయమైన రక్షణయే. మోసపు సరకు నుండి కాపాడినది. కాని రెండు గంటల లోపున ముగియునట్టి చిన్న ఆటను తయారుచేసినవాని గతి యేమి? 2021 ఆగష్టులో సమ్మర్ ఆఫ్ 58 అను భయానక ఆటను చేసిన ఎమికా గేమ్స్ వారు ఈ బాధనే వెల్లడించిరి. ఆట మెప్పు పొందినది. ఐనను పూర్తిగా ఆడి ముగించిన పలువురు సొమ్ము వాపసు తీసికొనిరి. ఆట రెండు గంటలు నిండకపోవుటయే అందుకు వీలు కల్పించినది. ఇక ఆటలు చేయుట నిరవధికముగా మానుచున్నామని వారు ప్రకటించిరి. ఇక్కడ కాలప్రమాణము ఎవరి నోటి మాటయో కాదు, అంగడి శాసనము. దాని వలన ఒకని జీవనోపాధి పోయినది. 2012లో వచ్చిన జర్నీ యను ఆట కూడ రెండు మూడు గంటలలో ముగియునదే. ఎడారిలో నొక బాటసారి దూరపు కొండవైపు నడచుట తప్ప అందు వేఱు కార్యము లేదు. దారిలో పేరు తెలియని మఱియొక బాటసారి తారసిల్లును, మాటలు లేవు. ఆ మఱుసటి యేడు దానికి ఉత్తమ క్రీడగా గొప్ప పురస్కారములు లభించినవి.

సాహిత్యమునకు వత్తము. నంద్యాల పేరు తెలుగు సాహిత్య చరిత్రలో నిలుచుటకు ముఖ్యకారణము పింగళి సూరన కళాపూర్ణోదయము. సూరన దానిని నంద్యాల కృష్ణరాజునకు అంకితమిచ్చెను. ఆశ్వాసములు ఎనిమిది. పరిమాణమున దానికంటె పెద్ద ప్రబంధములు లేకపోలేదు. ఐనను మొదటినుండి తుదివఱకు ఒక్కమాఱు చదివినవాడు కళాపూర్ణోదయమును చదివితినని చెప్పుకొనజాలడని మా అభిప్రాయము. కలభాషిణీ మణికంధరుల వృత్తాంతము తొలుత ఒక కథగా నడచును. మధురలాలసా కళాపూర్ణుల కథ వచ్చి, పూర్వజన్మ సంబంధము బయటపడి, బ్రహ్మ సరస్వతితో ఏకాంతమున చెప్పిన కథయే లోకమున జరిగినదని తెలిసిన పిదప, పాఠకుడు వెనుకకు మరలి తొలి ఆశ్వాసములను క్రొత్త కన్నులతో చదువవలసివచ్చును. ఒకే పద్యము రెండవమాఱు వేఱు పద్యమగును. కట్టమంచి రామలింగారెడ్డిగారు 1914లో ప్రకటించిన కవిత్వతత్త్వ విచారమున సూరన కథాకల్పనను విశేషముగా విమర్శించుటకు హేతువు ఈ కూర్పే. దీనిని పుటలతోనో చదువుటకు పట్టిన గంటలతోనో కొలువబూనినచో, తొలి పఠనమునకు పట్టిన కాలము లెక్కకు వచ్చును. మలి పఠనము ఏ పద్దులో వ్రాయవలెను? చిన్న గ్రంథమునకు ఉదాహరణము క్రీడాభిరామము. దాని కర్తృత్వము వినుకొండ వల్లభరాయనిదా, శ్రీనాథునిదా యను వివాదము నటుంచుదము. ఓరుగంటిలో ఒక్క దినము ఇద్దఱు మిత్రులు తిరిగిన తిరుగుడే దాని వస్తువు. గొఱ్ఱెపొట్టేళ్ల పోరు, కోడిపోరు అందు కన్నులకు కట్టినట్లున్నవి. 1949లో వెలువడిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో సురవరం ప్రతాపరెడ్డిగారు కాకతీయుల కాలపు జనజీవనమునకు దీనిని ఎంతగా ఆశ్రయించిరో విద్యార్థులెఱుగుదురు. పెద్ద పెద్ద పురాణములు ఈయని సమాచారమును ఆ చిన్న రూపకమిచ్చినది. (పుటల సంఖ్యను బట్టి సిద్ధాంత వ్యాసమును చేతితో ఎత్తి తూచువారు మా వృత్తిలోను లేకపోలేదు, వారినిక్కడ స్మరించుట అప్రస్తుతము కాదు.)

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతములలో నేటికిని జనాదరణ తగ్గని పోటీ ఒంగోలుజాతి ఎడ్ల బండలాగుడు. సంక్రాంతి, శివరాత్రి, ఉగాది పండుగలలోను గ్రామదేవతల తిరునాళ్లలోను జరుగును. దీని నియమములను చూచినచో మన చర్చకు చక్కని వెలుగు దొరకును. పండ్లను బట్టి ఎడ్లను తరగతులుగా విభజింతురు: పాలపండ్లవి, రెండు పండ్లవి, నాలుగు పండ్లవి, ఆఱు పండ్లవి, అటుపై పెద్దవి. తరగతిని బట్టి బండ బరువు మాఱును. ఒక్కొక్క జతకు ఇన్ని నిమిషములని గడువు. ఆ గడువులో బండను ఎన్ని అడుగులు లాగినవో కొలిచి బహుమతులిత్తురు. కాలము ఇక్కడ కొలతబద్ద కాదు, హద్దు. అందఱికి సమానముగా ఇచ్చి దాని ప్రసక్తిని తొలగించుటయే నియమకర్తల ఉద్దేశము. గడువు ముగిసినదని ఈల వినబడిన తరువాత ఎద్దు ఇంకొక గంట నిలువగలదా యని ఎవ్వరును అడుగరు. చూడవచ్చిన రైతు ఇంటికి పోయి చెప్పునది అడుగుల లెక్క, ఆ జత మలుపు తిరిగిన తీరు, తోలినవాని ఒడుపు.

కాలమునకు హద్దు లేకున్న ఏమగునో చూపు నిదర్శనములు బయటి ప్రపంచమున కలవు. 1939 మార్చిలో దక్షిణాఫ్రికాలోని డర్బనులో ఇంగ్లండు జట్టు ఆడిన క్రికెట్టు టెస్టునకు గడువు లేదు. ఫలితము తేలువఱకు ఆడవలెను. 3వ తేదీన మొదలై 14వ తేదీవఱకు సాగినది. గెలుపునకు 696 పరుగులు కావలసిన ఇంగ్లండు ఐదు వికెట్లకు 654 చేసియుండగా వాన కురిసినది. ఓడ బయలుదేరు వేళయైనది. ఆట తేలకయే ముగిసినది. చదరంగమున 1989లో బెల్‌గ్రేడులో నికోలిచ్, ఆర్సోవిచ్ అనువారాడిన ఆట 269 ఎత్తులు, ఇరువది గంటలకు పైబడి నడచి సమముగా ముగిసినది. దీర్ఘత తప్ప దానిని గూర్చి చెప్పుకొనుటకు మఱేమియు లేదు. 1851లో లండనులో ఆండర్సన్ కీసెరిట్స్కీతో సరదాకు ఆడిన ఆట 23 ఎత్తులలో ముగిసినది. మంత్రితో సహా ముఖ్యబలములను వరుసగా బలియిచ్చి ఆండర్సన్ రాజును కట్టివేసెను. నూటడెబ్బది యేండ్లు దాటినను చదరంగము నేర్చువారు దానిని తిరిగి పలకపై పేర్చి చూచుచున్నారు. ఆ తిరిగి చూచుటకు పట్టు కాలమును గూర్చి మేము పైన సూరన గ్రంథపు సందర్భమున అడిగిన ప్రశ్నయే ఇక్కడను వచ్చుచున్నది.

ఇంతవఱకు చెప్పిన దానిని బట్టి కాలము ఆటకు ఎన్నడును ప్రమాణము కాదని మేము తేల్చితిమనుకొనరాదు. అట్లు తేల్చుటకు అహోబిలము పార్వేట అడ్డు వచ్చుచున్నది. ఆళ్లగడ్డ మండలములోని అహోబిలము ఎఱ్ఱన నృసింహపురాణమునకు వస్తువైన క్షేత్రము. అక్కడ ఏటేట సంక్రాంతి వెళ్లిన వెంటనే స్వామి వేటకు బయలుదేరును. పార్వేట యనగా వేట యను క్రీడ. రాజులకు మృగయావినోదమెట్టిదో స్వామికి ఇది అట్టిది. చెంచులు బాణములతో వచ్చి పల్లకిని సాగనంపుదురు. చెంచులక్ష్మిని పరిణయమాడిన స్వామికి వారు అత్తవారింటివారు కదా! అటుపిమ్మట పల్లకి నలుబది దినములకు పైగా ముప్పదికి మించిన గ్రామములలో తిరుగును. తన కల్యాణమునకు రమ్మని స్వామియే స్వయముగా వచ్చి పిలుచుచున్నాడని ఆ గ్రామములవారి నమ్మకము. పల్లకి వచ్చిన నాడే వారికి నిజమైన పండుగ. ఆడపడుచులు పుట్టిండ్లకు వత్తురు.

ఈ పార్వేటను పెక్కు క్షేత్రములలో ఒక్క దినముననే ముగించుట కలదు. ఊరి వెలుపలి మంటపమువఱకు పోయి, వేట తంతు నడపి మరలి వత్తురు. శాస్త్రమునకు లోపము లేదు. కాని అహోబిలపు పార్వేటను అట్లు ఒక్క దినమునకు కుదించినచో మిగులునదేమి? తంతు మిగులును, ముప్పది గ్రామముల పండుగ పోవును. ఇక్కడ దీర్ఘత అలంకారము కాదు, వస్తువే. ప్రతి దినమునకు ఒక ఊరు కలదు, ప్రతి ఊరికి ఎదురుచూచు ఇండ్లు కలవు. అందుచేత మేము చేయదలచిన విభాగమిది: కాలమును నింపుటకు పెంచిన ఆట యొకటి, లోపల నున్న వస్తువు వలన తనంత పెరిగిన ఆట మఱియొకటి. వీడియో ఆటలలో మొదటి తెగవి కోకొల్లలు. చంపిన శత్రువునే మరల చంపించి, ఏఱిన మూలికనే మరల ఏఱించి, అట్టపై వ్రాసిన గంటల లెక్కకు సరిపెట్టునవి అవి. ఒక్క క్యాసెట్టులో వేల ఆటలున్నవని అమ్మినవారి సంతతి వారు. విశాలమైన కల్పితలోకమును నిర్మించి, ఏ మూలకు పోయినను క్రొత్త మనిషినో క్రొత్త కథనో ఎదురుపఱచు ఆటలును కొన్ని కలవు. వానికి నూఱు గంటలు పట్టినను పట్టుగాక. రెండు తెగలకును గడియారమిచ్చు అంకె ఒక్కటే కావచ్చును. కావుననే ఆ అంకె మనకు పనికిరాకున్నది.

గంటల లెక్క విలువ విషయమున ఎట్లు తడబడుచున్నదో కీడు విషయమునను అట్లే తడబడుచున్నది. పిల్లలు ఆటలకు బానిసలగుచున్నారని నంద్యాలలోను ఆళ్లగడ్డలోను తల్లిదండ్రులు మొఱపెట్టుట అధ్యాపకులు నిత్యము వినునదే. ఎన్ని గంటలాడుచున్నాడని మొదట అడుగుదురు. 2021లో చైనా ప్రభుత్వము బాలురకు శుక్ర, శని, ఆదివారములలోను సెలవు దినములలోను రాత్రి ఎనిమిదినుండి తొమ్మిదివఱకు మాత్రమే ఆన్‌లైను ఆటలకు అనుమతినిచ్చినది. ఇది గడియారమును నమ్మిన పద్ధతి. 2022 జనవరినుండి అమలునకు వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల పట్టికలో ఆటల వ్యసనము చేరినది; కాని దాని లక్షణములలో గంటల సంఖ్య లేదు. ఆడుటపై అదుపు తప్పుట, ఇతర కార్యములకంటె దానికే పెద్దపీట వేయుట, కీడు కలుగుచున్నను మానలేకుండుట, ఇవి సామాన్యముగా ఒక యేడు కనబడుట అని మాత్రమే చెప్పిరి. మన రాజనీతి గ్రంథములు సప్తవ్యసనములలో జూదమును, వేటను చేర్చినవి. అచ్చటను కాలనియమము లేదు. స్వామికి ఉత్సవమైన వేటయే రాజునకు వ్యసనము కాగలదు; ఇందు భేదము దినముల లెక్కలో లేదని వేఱుగా చెప్పనక్కఱలేదు. 2025 ఆగష్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైను ఆటల చట్టము కూడ సొమ్ము ఒడ్డి ఆడు ఆటలనే నిషేధించి, పోటీక్రీడలను వేఱుచేసినది. అది పట్టుకొన్న గుర్తు పందెము, కాలము కాదు. ద్యూతాధ్యక్షుని దృష్టికి ఇది దగ్గఱ. అంగడివాని గంటల లెక్కకు దూరము.

ఇక ఈ సీమలో పరిశోధనకు మిగిలియున్న పని యొకటి చెప్పవలెను. పులిజూదమునకు మూడు పులులు, పదునైదు మేకలు, ఇరువదిమూడు స్థానములు గల పటము చాలును. దానిని అరుగుబండలపై గీసికొని ఆడిన తరము తగ్గిపోవుచున్నది, అరుగులే తగ్గుచున్నవి. వామనగుంటలు, దాడి, గవ్వలతో ఆడు అష్టాచెమ్మా ఒక్కొక్క ఊరిలో ఒక్కొక్క విధముగా నడచును. ఆళ్లగడ్డ చుట్టునున్న ఊళ్లలో ఎవరైన విద్యార్థి వీనిని సేకరింప బూనినచో, ఒక ఆటకు ఎంత సేపు పట్టునని ప్రశ్నావళిలో వ్రాసికొనుట సులువు. జవాబును సులువుగానే వచ్చును. పులిని కట్టివేసిన ఎత్తులలో ఇప్పటికిని తలచుకొనునది యేది, దానిని ఎవరి వద్ద నేర్చితివి, ఓడినవానిని ఏమని ఎగతాళి చేసెడివారు అని అడుగుటకు కొంత ఓపిక కావలెను. ఎగతాళి మాటలు మాత్రము వెంటనే వ్రాసికొనవలెను. ఏ నిఘంటువునకును ఎక్కనివి వానిలో చాల నున్నవి.